మూడో దఫాకి నాన్న మాట

మా నాన్న చనిపోయే ముందు ఏమన్నాడో మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మాట ఆయన అనలేదు. ఆ గదిలో నేనున్నాను. నాతోపాటు మా మేనత్త ఉంది, ఆవిడ కొడుకు ఉన్నాడు. అనలేదని తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే.

మేనత్త కొడుకు నాకు బావ. రాష్ట్ర శాసనసభలో మా ప్రాంతం సభ్యుడు. ఇక్కడ అటువంటివాళ్ళని వై.బి. అంటారు, ఈ దేశపు మలయ్ భాషలో గౌరవనీయులు అనడానికి పొట్టి మాట. ఊళ్ళో బావని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. మా అత్త కూడా పక్క ఫ్లాటు వాళ్ళతో, "మా వై.బి.కి ఇంకా అన్నవెట్టలేదు" అంటుంది.

నాన్న రబ్బరు ఎస్టేటులో డ్రెస్సర్. డాక్టరు అప్పుడప్పుడు వచ్చిపోయే చోట మిగతా రోజులన్నీ డ్రెస్సరే డాక్టరు. గాయాలు కడిగి కట్టు కట్టేవాడు. జ్వరాలకి మందిచ్చేవాడు. ఎవరినైనా పాము కరిస్తే లారీలో పడుకోబెట్టి, పక్కన తను కూర్చుని క్లాంగ్ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. ఎస్టేటులో రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది. తర్వాత ఆ నేలంతా కొత్త కాలనీల కోసం అమ్ముడుపోయింది. మేమంతా పట్నం అంచున ఫ్లాట్లలోకి చేరాం. అక్కడ కూడా ఆయన డ్రెస్సరయ్యే.

నా చిన్నప్పుడు మా తరఫున సభకి ఒకే మనిషి వెళ్తుండేవాడు. నేను బళ్ళో చేరినప్పుడు అతనే, చదువు ముగించి పట్నం గ్రంథాలయంలో పనికి చేరినప్పుడూ అతనే. ఎన్నికలప్పుడు ఎస్టేటుకి వచ్చి పిల్లల తలలు నిమిరి వెళ్ళేవాడు. కూలీల ఇళ్ళ దగ్గర మరుగుదొడ్లు పొంగుతున్నాయని నాన్న చెప్పబోతే, "గుర్తుంది డ్రెస్సర్, పోయినసారి కూడా చెప్పావు" అన్నాడట. నాన్న ఆ సంగతి చాలాసార్లు చెప్పాడు. "మర్సిపోయుంటే బాగుండేది. గుర్తెట్టుకుని ఒగ్గేసినాడు" అనేవాడు.

ఆ మనిషి ఓడిపోయాక కొత్త పార్టీ వచ్చింది. మా బ్రాంచికి నాన్న కార్యదర్శి. రాష్ట్ర సభకి ఎవరూ రెండు దఫాలకి మించి నిలబడకూడదన్న నియమం ఆ బ్రాంచిలోనే పుట్టింది. దేశంలో చట్టం అలా ఏమీ లేదు. పార్టీ తనకి తాను పెట్టుకున్న కట్టుబాటు అది. నాన్న మోటార్‌సైకిల్ మీద పక్క బ్రాంచిలన్నీ తిరిగి ఒప్పించాడు. వానల్లో తడిసి వచ్చి, చొక్కా నడవాలో ఆరేసి, మళ్ళీ ఆదివారం బయల్దేరేవాడు. చాలా కాలం పట్టింది. చివరికి రాష్ట్ర పార్టీ ఒప్పుకుంది.

బావకి చోటు దొరికింది ఆ నియమం వల్లే. అంతకుముందున్న సభ్యుడు రెండు దఫాలు ముగించి దిగిపోయాడు. అప్పుడు బావ పేరు చెప్పింది నాన్న. బావ చిన్నప్పుడే తండ్రి పోయాడు. అత్త కొడుకుని తీసుకుని మా ఇంటికే వచ్చేసింది. మేమిద్దరం ఒకే చాప మీద కూర్చుని నాన్న దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాం. బావకి చదవడం మీద ధ్యాస ఉండేది కాదు, మాట్లాడడం మీదే. నాకు మాట్లాడడం రాలేదు, చదవడం వచ్చింది. అందుకే నన్ను లైబ్రరీ అని పిలుస్తాడు. నేను గ్రంథాలయంలో పనికి చేరకముందునుంచీ అదే పిలుపు.

బావ పనిచేశాడు. ఇది చెప్పకుండా మిగతాది చెబితే అన్యాయమవుతుంది. ఎస్టేటు మూసేశాక వీధినపడ్డవాళ్ళకి సొంత ఇళ్ళు కట్టించాలని పట్టుపట్టాడు. మొదటి దఫా అంతా స్థలం కోసం తిరగడంతో గడిచిపోయింది. ఒక ఆఫీసు ఒప్పుకుంటే ఇంకో ఆఫీసు ఆపేది. రెండో దఫాలో పునాదులు పడ్డాయి, గోడలు లేచాయి, కొన్నింటికి పైకప్పు పడింది. తలుపుల్లేవు, నీళ్ళ గొట్టాల్లేవు. దఫా ముగియబోతోంది. అప్పుడే రాష్ట్ర పార్టీ అన్ని బ్రాంచిలకీ కబురు పెట్టింది. రెండు దఫాల నియమాన్ని మూడుకి మార్చాలనుకుంటున్నాం, మీ అభిప్రాయం చెప్పండి అని.

ఆ కబురు వచ్చిన సాయంత్రం బావ మా ఫ్లాటుకి వచ్చాడు. నాన్న నడవాలో తన కుర్చీలో ఉన్నాడు. అప్పటికే కాళ్ళు వాచి కిందకి దిగడం మానేశాడు. బావ వచ్చి నేలమీదే కూర్చున్నాడు, చిన్నప్పటిలా.

"మావా, నువ్వే సెప్పు. కొత్తోడొస్తే ఆపీసుల్లో ఆడికి కుర్సీ కూడా ఎయ్యరు. నాకే మొదటి దఫా అంతా నిలబెట్టి మాట్టాడినారు."

"నిజమే" అన్నాడు నాన్న.

"ఏ కాయితం ఏ బల్లమీద పడుకుందో నాకు తెలుసు. అదంతా మళ్లీ మొదట్నించీ ఎవులు నేర్సుకుంటారు?"

"నిజమే. రెండు దఫాలు సాలవు. నేను ఆవేశంలో రూలెట్టినాను. అప్పుడు నా కోపం ఆ ముసిలాడి మీద. పనెంత కాలం పడతాదో ఎరగను."

బావ ముఖం విప్పారింది. "మరింకేటి? మార్సమని నువ్వే సెప్పీ మావా. నీ మాటంటే ఎవులూ కాదనరు."

"సెప్తాను. నీ తరవాతోల్ల కాడ్నించి మార్సమని సెప్తాను."

"అదేటి న్నాయం?"

"నువ్వు కూకునుండగా నీకోసం మారిస్తే, ఇంకోడు నాలుగోదానికి మార్పిత్తాడు. ఆడికీ కట్టాల్సినియ్యి ఏవో ఉంటాయి. ఎవుడికుండవురా?"

 బావ నావైపు తిరిగాడు. "ఏటే లైబ్రరీ, నీ పుస్తకాల్లో ఏటి రాసుందే?"

నేను చదివినంతవరకు చెప్పాను. ఇలాంటి హద్దులు పెట్టిన చోట్ల కొత్తవాళ్ళు వచ్చారు, ఆడవాళ్ళు వచ్చారు. కాని సభ్యులకి పని తెలిసేలోపు దిగిపోవాల్సి వచ్చింది, ఆఫీసర్ల బలం పెరిగింది. హద్దులు తీసేసిన చోట్ల పని సాగింది, మనుషులు పాతుకుపోయారు. రెండు వైపులా ఉంది, అన్నాను.

"అంతే లా నువ్వు. రెండు వైపులా అంతావు, ఏ వైపూ నిలబడవు" అని, ఇక్కడివాళ్ళందరిలా మాటకి లా తగిలించి నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

బావ తర్వాత ఎవరు నిలబడాలో అప్పటికే అందరికీ తెలుసు. బావ సేవా కేంద్రం నడిపే అమ్మాయి. ఫ్లాట్లవాళ్ళు ఏ పనిమీద వచ్చినా మొదట కనిపించేది ఆమే. ఆసుపత్రికి వెళ్ళాలన్నా, పిల్లకి బళ్ళో చోటు కావాలన్నా ఆమెతోనే చెప్పుకునేవారు. వాళ్ళ అమ్మమ్మ మా ఎస్టేటు మనిషే. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే సగంలో తమిళంలోకి వెళ్ళిపోతుంది. నాన్న ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని సభలు ఎలా నడపాలో, ఎదుటివాడు అరిస్తే ఏం చెయ్యాలో నేర్పేవాడు. "అరిసీవోడి కేసి సూడకు. ఆడి పక్కనున్నోడి కేసి సూడు" అనేవాడు. పార్టీవాళ్ళు అడిగితే ఎన్నికల కోసం ఫొటో కూడా తీయించుకుంది. ఆ ఫొటో కోసం నా చీర కట్టుకుంది.

నాన్న బ్రాంచిలో ఆ మాట చెప్పే అవకాశం రాలేదు. ఊపిరి అందక క్లాంగ్ ఆసుపత్రిలో చేర్చాం.

మా ఎస్టేటు తెలుగువాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పోయేవారి నోట్లో చివరి నీళ్ళు పోసినవారు, కర్మ రోజున భోజనాలయ్యాక అందరి ముందూ నిలబడి వారి ఆఖరి మాట చెప్పాలి. వీలునామాలు రాసుకోవడం తెలియని కాలంలో మొదలై ఉంటుంది. ముసలమ్మని ఎవరు చూసుకోవాలి, పెళ్ళికాని పిల్ల ఎవరింట ఉండాలి, ఆవుని ఎవరు తోలుకెళ్ళాలి, అన్నీ ఆ మాటతో తేలిపోయేవి. దానికి ఎవరూ ఎదురు చెప్పరు. చెబితే ఆ నీళ్ళు పోయినవారికి అందవని నమ్మకం. నేను చాలా చదువుకున్నాను, అయినా ఆ నమ్మకాన్ని పూర్తిగా వదులుకోలేకపోయాను.

ఆ మధ్యాహ్నం నీళ్ళ స్పూను నా చేతిలో ఉంది. నర్సు వచ్చి చూసి, దగ్గరివాళ్ళని పిలుచుకోండి అని మెల్లిగా చెప్పి వెళ్ళింది. బావ సభనుంచి నేరుగా వచ్చాడు, ఇంకా సభకి వేసుకెళ్ళే బాతిక్ అద్దకం చొక్కాలోనే ఉన్నాడు. అత్త నా మోచేయి పట్టుకుంది.

"ఇయ్యే, ఆడికియ్యి. మగోడు పొయ్యాల."

ఇచ్చాను. గొడవపడే చోటు కాదది. బావ అంటే పరాయివాడని కూడా నాకెప్పుడూ అనిపించలేదు. నాన్నకి కొడుకు లేని లోటు బావే తీర్చాడని నేనే నలుగురితో అనేదాన్ని.

నాన్న కళ్ళు తెరిచి బావని చూశాడు. పెదవులు తడిశాయి. "తిన్నావేట్రా?" అన్నాడు.

"తిన్నాను మావా."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ మాట్లాడలేదు. కాసేపటికి పోయాడు. బావ తినలేదని నాకు తెలుసు. అన్నీ అయ్యాక కింద కొట్లో బిస్కెట్లు కొని తెచ్చి నేనే ఇచ్చాను. ఏడుస్తూ తిన్నాడు.

కర్మ రోజు ఫ్లాట్ల కింద షెడ్డు వేశారు. పాత ఎస్టేటు వాళ్ళందరూ వచ్చారు. బంటింగ్ నుంచి, కౌలాలంపూర్ నుంచి చుట్టాలొచ్చారు. భోజనాలయ్యాయి. ఆకులు తీసేశారు. బావ చేతులు కడుక్కుని, తుండు భుజాన వేసుకుని షెడ్డు మధ్యకొచ్చి నిలబడ్డాడు. నేను రసం బిందె దగ్గర ఉన్నాను. అత్త నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. తిన్నావా అని అడిగాడని చెబుతాడనుకున్నాను. ఆ మాట వినడానికి ఎదురుచూస్తున్నాను కూడా.

"మావ నా సెయ్యట్టుకున్నాడు" అన్నాడు బావ. తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఒరే, రెండు దఫాలు సాలవురా అన్నాడు. ఆ ఇళ్లకి తలుపులెట్టకుండా దిగొద్దురా అన్నాడు. రూలెట్టినోడ్ని నేనే, మార్సమంతన్నది కూడా నేనే, నా మాటగా అందరికీ సెప్పు అన్నాడు. ఆ తరవాత కళ్లు మూసినాడు."

షెడ్డులో ఆడవాళ్ళు ఏడ్చారు. ఒక ముసలాయన లేచి వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు. నేను అత్తకేసి చూశాను. అత్త ఒళ్ళో పడ్డ మెతుకుని వేలితో తీసి పక్కన పెట్టింది. తల ఎత్తలేదు.

మొత్తం కల్పించి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదేమో. రెండు దఫాలు చాలవని నాన్న నిజంగానే అన్నాడు. నడవాలో, బతికుండగా, అన్నాడు. ఆ తర్వాతి మాటని బావ కోసేశాడు. మిగిలినదాన్ని తీసుకెళ్ళి ఆసుపత్రి మంచం మీద పెట్టాడు.

చుట్టాలు వెళ్ళిపోతున్నప్పుడు బావని కారు దగ్గర పట్టుకున్నాను.

"నాన్న అలాగనలేదు బావా."

"ఎమ్మే, గట్టిగా మాట్టాడకు."

"నిన్ను తిన్నావా అని అడిగినాడు. అంతే అడిగినాడు."

బావ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆ ఏడుపు నటన కాదు. "ఇంకో నాలుగు రోజులు బతికుంటే ఇదే అనీవోడు. మావ మనసు నాకు తెల్దేటి?"

"తెలుసు. నీ తరవాతోల్లకి మార్సమన్నాడు. అదీ నీకు తెలుసు."

"సరే, ఎల్లి సెప్పు. తలుపుల్లేని ఇళ్ల ముందర నిలబడి సెప్పు, మా బావ దిగిపోవాల, మీకు ఇళ్లు రాపోయినా పరవాలేదని సెప్పు. నీకేటి, నీకు పుస్తకాలున్నాయి." తర్వాత గొంతు తగ్గించాడు. "నేనెవులి కోసం సేసినాను? నాకోసమేటి?"

కొంత అతని కోసం కూడా అని నాకనిపించింది. అది అతనికి తెలుసో లేదో చెప్పలేను. కారెక్కి వెళ్ళిపోయాడు.

సేవా కేంద్రం అమ్మాయి మర్నాడు గ్రంథాలయానికి వచ్చింది. నా చీర ఉతికి, ఇస్త్రీ చేయించి తెచ్చింది.

"ఉంచుకో. నీకు మళ్ళీ కావాల" అన్నాను.

"ఎందుకక్కా, ఇంక? నీళ్లు పోసినోరు సెప్పినారు గదా. మేం ఏటి అనగలం? పరవాలేక్కా." నవ్వడానికి ప్రయత్నించింది. "ఐదేళ్లే లా. నేను సిన్నదాన్నే."

నాన్న అన్న మాటలు నడవాలోవీ ఆసుపత్రిలోవీ ఆమెకి చెప్పాను. వింది. బల్లమీద ఉన్న పుస్తకాల అంచులు సరిచేసింది. "అదంతా నేను సెప్తే నా కోసం సెప్పినట్టే ఉంతాది గదక్కా" అంది. నిజమే. చెప్పాల్సినది నేనే.

బ్రాంచి సమావేశం ఒక ఆదివారం పొద్దున సామూహిక భవనంలో జరిగింది. నేను ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేదాన్ని. ఆ రోజు కూడా అక్కడే కూర్చున్నాను. అధ్యక్షుడు నాన్న ఈడువాడు, నాన్నతో మోటార్‌సైకిల్ మీద వెనక కూర్చుని బ్రాంచిలు తిరిగిన మనిషి. ప్రతిపాదన చదివాడు. రెండు దఫాల బదులు మూడు. ఇప్పుడున్న సభ్యులకి కూడా వర్తిస్తుంది. "డ్రెస్సరయ్య ఆకరి మాట ఏటో మీకందరికీ తెలుసు" అని చేర్చాడు.

ఇల్లు రావాల్సిన ముసలావిడ ఒకరు లేచింది. "నేనా ఇంట్లో ఒక్క వంటైనా సేసుకుని సచ్చిపోవాల. ఎవులుంటే తొందరగా అవుతాదో ఆళ్లనుండనీయండి. రూల్లు నేనెరగను" అంది. ఆమెని తప్పుపట్టలేను. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

ఒక కుర్రాడు లేచి, "మూడయ్యాక నాలుగంటారేటి?" అన్నాడు. ఎవరో, "కూకోరా లాయరూ" అన్నారు. అందరూ నవ్వారు. అతను కూర్చున్నాడు.

అప్పుడు నేను లేచాను.  రెండు దఫాలు తక్కువని నాన్న కూడా ఒప్పుకున్నాడని ముందు చెప్పాను. మూడుకి మార్చమనే తను కూడా అనేవాడని, కాని తర్వాత వచ్చేవాళ్ళనుంచి మాత్రమే అనేవాడని చెప్పాను, ప్రతిపాదనని అలాగే సవరించమన్నాను. కూర్చున్న మనిషి కోసం మారిస్తే ఇంక అది నియమం కాదని ఆయన భయం అన్నాను. ఇళ్ళ పని ఆగనక్కర్లేదు, బావ దిగినా పక్కనుండి కొత్తవాళ్ళకి అన్నీ చూపించవచ్చు అన్నాను. అధ్యక్షుడు తలూపుతూనే ఉన్నాడు.

"బాగుందమ్మా. గాని అది ఆయన అప్పుడెప్పుడో అన్నమాట. ఆకరికి మనసు మార్సుకున్నాడు గదా."

"మార్సుకోలేదు. ఆకరికి అన్న మాట అది కాదు. తిన్నావేట్రా అని అడిగినాడు. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు."

ఎవరో చిన్నగా నవ్వి ఆపుకున్నారు.   బావ మొదటి వరసలో ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

"నీళ్లు పోసినోడి మాటకి ఎదురు సెప్పకూడదమ్మా" అంది నా ముందు వరసలో ఒకావిడ. కోపంగా కాదు, నా మంచి కోరి చెప్పినట్టు. "మీ నాన్నకే మంచిది కాదు."

"ఆ గదిలో మా అత్త కూడా ఉంది" అన్నాను. "అడగండి."

అధ్యక్షుడు ఇబ్బందిగా అత్తకేసి తిరిగాడు. "ఏటప్పా, నువ్వున్నావు గదా. ఏటన్నాడు?"

అత్త పక్క తలుపు దగ్గర కూర్చుని ఉంది. మంచం కాళ్ళవైపు నిలబడి నాన్న పాదాలు పట్టుకున్నది ఆవిడే. స్పూను ఇమ్మన్నదీ ఆవిడే.

"నాకినపళ్లేదు నాయినా" అంది. "నానప్పుడు బయట నర్సమ్మతో మాట్టాడతన్నాను."

అధ్యక్షుడు నన్ను చూశాడు. నా సవరణని ఎవరైనా బలపరుస్తారా అని అడిగాడు. పద్ధతి ప్రకారం ఇంకొకరు లేచి బలపరచాలి, అప్పుడే దానిమీద చేతులెత్తుతారు. కాసేపు ఆగాడు. నిజంగానే ఆగాడు, తొందరపెట్టలేదు. ఇందాకటి కుర్రాడు నేల చూస్తున్నాడు. సేవా కేంద్రం అమ్మాయి అధ్యక్షుడి పక్కన, ఒకప్పుడు నాన్న కూర్చున్న కుర్చీలో ఉంది. ఆమె బలపరిచే వీల్లేదని నాకు తెలుసు. ఎవరూ లేవలేదు.

అసలు ప్రతిపాదనకి చేతులెత్తమన్నారు. లెక్కపెట్టింది ఆ అమ్మాయే. వరస వరసకీ వేలు చూపిస్తూ, మెల్లిగా, తప్పు రాకుండా లెక్కపెట్టింది. అత్త చెయ్యి కూడా అందులో ఉంది. నా వరసకొచ్చినప్పుడు ఆ అమ్మాయి నా తలమీదుగా చూసి ముందుకు వెళ్ళింది.

మిగతా బ్రాంచిలు కూడా ఒప్పుకున్నాయి. రాష్ట్ర పార్టీ నియమాన్ని మార్చింది. కొన్ని చోట్ల మా నాన్న మాట చెప్పే ఒప్పించారని తర్వాత తెలిసింది. బ్రాంచి బ్రాంచికీ తిరిగి ఆయన పెట్టించిన నియమాన్ని, ఆయన పేరే బ్రాంచి బ్రాంచికీ తిరిగి తీయించింది. క్లాంగ్ బస్సు ఆగే చోట బావ బొమ్మతో బ్యానరు కట్టారు. మూలన నాన్న ఫొటో, చిన్నది. ఆయన ఎప్పుడూ ఫొటో తీయించుకునేవాడు కాదు, అది ఆయన ఎస్టేటు గుర్తింపు కార్డులోది. అది నేను ఇవ్వలేదు. అత్త దగ్గర ఒకటి ఉండేది.

ఆ తర్వాత ఒక సాయంత్రం అత్త మా ఫ్లాటుకి వచ్చింది. నాన్నకి ఇష్టమైన ఎండుచేపల కూర గిన్నెలో తెచ్చింది. నడవాలో నాన్న కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో కూర్చోకుండా గుమ్మంలో కూర్చుంది. టీ ఇచ్చాను. చాలాసేపు తాగలేదు.

"నాకినపడింది" అంది చివరికి.

"తెలుసత్తా."

"తమ్ముడు పోయినాడు. కొడుకున్నాడు. నన్నేటి సెయ్యమంతావే?"

చల్లారిన టీ తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చాను.  ఆవిడ టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించింది.

"ఎదురు సెప్పినావు గదే. ఆడికి నీళ్లందవేమో" అంది వెళ్తూ. శాపనార్థం కాదు. ఆవిడకి నిజంగా భయం. తమ్ముడి గురించే భయం.

"మాసికానికి నేను పోస్తాను నీళ్ళు" అన్నాను.

"ఆడపిల్లవి. అయ్యగారొప్పుకోడు."

"అడిగాను. ఒప్పుకున్నారు."

అత్త చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఆగింది. "మరి మావాడు?"

"వద్దత్తా."

అయినా వచ్చాడు. మాసికం రోజు పొద్దున నది ఒడ్డున అయ్యగారు దర్భలు సర్దుతుంటే రోడ్డుమీద కారు ఆగింది. బావ దిగాడు. తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు, తనే చేస్తాడన్నట్టు. అయ్యగారు తల ఎత్తి బావని, తర్వాత నన్ను చూశాడు. ఆయన తమిళుడు, మా సంగతులు ఆయనకి తెలియవు. నేను చెంబు ఎత్తి పట్టుకున్నాను. బావ ఒక అడుగు దిగి ఆగిపోయాడు.

"లైబ్రరీ" అన్నాడు. చాలా మెల్లిగా.

నేను నీళ్ళు పోశాను. ఒకసారి స్పూను ఇచ్చేసిన చేత్తోనే పోశాను. నాన్న నోట్లోంచి వచ్చిన చివరి మాట మనసులో అనుకుంటూ, ఎవరూ కోయని మాట, పూర్తిగా అనుకుంటూ పోశాను. నీళ్ళు నదిలో కలిశాయి. అందాయో లేదో నాకు తెలియదు.

తర్వాత ఇంటికి వచ్చిన నలుగురికీ అన్నం పెట్టాను. బావ కారు ఫ్లాట్ల కింద కాసేపు ఆగింది. అద్దం దించి పైకి చూశాడు. నేను నడవాలో నిలబడి ఉన్నాను. మా ఇంట్లో ఎవరు వచ్చినా, ఎలాంటివాళ్ళు వచ్చినా ముందు అడిగే మాట ఒకటుంది. నాన్న పోయే ముందు కూడా అదే అడిగాడు.

నేను అడగలేదు. కారు వెళ్ళిపోయింది.